స్పీకర్‌లో రెండో గొంతు

హోటల్ గదిలో పాట వింటూ గడ్డం గీసుకుంటున్న రాయబారి, పక్కనున్న స్పీకర్‌తో సహా పేలిపోయాడు. అరచేతిలో ఇమిడే స్పీకర్ అది. ప్రయాణాల్లో కూడా పాట లేనిదే పొద్దుపోనివాళ్ల కోసం తయారైన సరుకు.

మర్నాడు గూఢచారి శాఖ చీఫ్, తన ఏజెంట్ నైన్‌ని పిలిచాడు. ఆ స్పీకర్ల షోరూమ్ నడిపేది ఒక విదేశీ ముఠా. అందులో సేల్స్ గర్ల్ మెలోడీ పేరుకి ముఠా మనిషి, పనికి మన మనిషి. ఆ ఉదయమే ముఠావాళ్లు ఆమె చేత ఒక మిసైల్ సైంటిస్ట్‌కి అలాంటి స్పీకరే అమ్మించారు. ఆయన మధ్యాహ్నం రైలెక్కుతున్నాడు.

ఆయనకే ఫోన్ చేసి చెప్పేస్తే పోదా అన్నాడు నైన్.

"పాట వింటుంటే ఫోన్ ఎత్తడు. ఇల్లు తగలబడుతోందన్నా పాటయ్యాకే లేస్తాడు."

"మరి మెలోడీ సంగతి?"

"స్టేషన్‌లో మనవాళ్లు తీసుకెళ్తారు. మాటిచ్చామని చెప్పు."

ఇలాంటి మాటలు నైన్ లోగడ కూడా మోశాడు. నమ్మడం ఉద్యోగంలో భాగం కనక నమ్మాడు.

టికెట్ కలెక్టర్ వేషంలో, అతుకుడు మీసంతో రైలెక్కాడు. కారిడార్‌లో మెలోడీ నుంచుని ఉంది. చూసినవాడు దిగాల్సిన స్టేషన్ మరిచిపోయేంత అందం.

"బేస్ ఎక్కువైంది," అంది.

"ట్రెబుల్ పెంచండి," అన్నాడు. కోడ్ సరిపోయింది.

సైంటిస్ట్ కేబిన్‌లో పాట హోరెత్తిపోతోంది. నైన్ తలుపు బాదాడు. వీఐపీ బోగీ తలుపు, బుల్లెట్‌కి కూడా లొంగదు. లోపల వాల్యూమ్ ఇంకాస్త పెరిగింది.

మెలోడీ గబగబా చెప్పింది. ఆ స్పీకర్‌కి ఒకసారి ఒక ఫోనే కలుస్తుంది. సైంటిస్ట్ పాట కట్టేయగానే, రైల్లో ఎక్కడో కూర్చున్న ముఠావాడు తన ఫోన్ కలిపి, బటన్ నొక్కి పేలుస్తాడు. వాడెవడో ఆమెకీ చెప్పలేదు. వాడికంటే ముందు ఇంకో ఫోన్ కలిస్తే స్పీకర్ వాడికి దొరకదు.

నైన్ తన ఫోన్ తీశాడు. గోడ అవతలి గుసగుసలు వింటుంది, చీకట్లో ఫోటోలు తీస్తుంది, అవసరమైతే విషం కూడా చిమ్ముతుంది. కాని శత్రువులు చొరబడతారన్న భయంతో డిపార్ట్‌మెంట్ ఏజెంట్ల ఫోన్లన్నింట్లోంచీ బ్లూటూత్ పీకించేసింది. బడిపిల్లలు చేసే పని ఇంత గొప్ప గూఢచారికి చేతకాదు.

మెలోడీ తన ఫోన్ తీసింది.

"కలిపితే వాడి స్క్రీన్ మీద నా పేరు పడుతుంది. ఆ తర్వాత నన్ను బతకనివ్వరు."

"స్టేషన్‌లో మనవాళ్లుంటారు. మాటిచ్చాం."

"మాట మీదా, మీ చీఫ్‌దా?"

"నాదే," అన్నాడు నైన్.

లోపల పాట ఆగింది. ఆమె బొటనవేలు కదిలింది. మరుక్షణం కేబిన్‌లో జోలపాట మొదలైంది. కూతురి కోసం ఆమే పాడి దాచుకున్న పాట.

తలుపు భళ్లున తెరుచుకుంది. తన స్పీకర్‌లో ఈ గోల ఎవరిదంటూ సైంటిస్ట్ బయటికొచ్చాడు. నైన్ ఆయన్ని పక్కకి నెట్టి, స్పీకర్ అందుకుని కిటికీలోంచి నదిలోకి విసిరాడు. అది గాల్లో ఉండగానే ఆమె ఫోన్ తెగింది, ముఠావాడిది కలిసింది. వంతెన కింద నీళ్లు రైలెత్తు లేచాయి.

స్టేషన్‌లో మనవాళ్లు నలుగురున్నారు. నలుగురూ సైంటిస్ట్ చుట్టూ చేరారు. బోగీ అవతలి తలుపు దగ్గర ముఠావాళ్లిద్దరు మెలోడీని చెరో చెయ్యి పట్టుకుని, దగ్గరి చుట్టాల్లా నడిపించుకుపోతున్నారు. నైన్ అటు ఉరకబోయాడు.

"సైంటిస్ట్‌ని వదిలి కదలకు," అంది చెవిలో చీఫ్ గొంతు. "ఆమె ఎవరో మనకి తెలీదు."

ఆమె ఒక్కసారి వెనక్కి తిరిగి నైన్‌ని చూసింది. నైన్ కదల్లేదు. తన మీద తనకే అసహ్యం వేసింది, అయినా కాళ్లు ఆర్డరే విన్నాయి.

సాయంత్రం చీఫ్ చెయ్యి కలిపి, ఆపరేషన్ సక్సెస్ అన్నాడు. సైంటిస్ట్ ఎలా ఉన్నారని నైన్ అడిగాడు.

"లక్షణంగా ఉన్నాడు. కొత్త స్పీకర్ కొనివ్వాలట. ఈసారి మధ్యలో ఎవరూ పాడకూడదట."