ఎనిమిదో అంకె

1962 నవంబర్. పులివెందుల బస్టాండులో బస్సు దిగిన లెక్కల మాస్టారు ఆదినారాయణ మూడడుగులు వేసి కూలిపోయాడు. తుపాకీ మోత ఎవరికీ వినపడలేదు. సైలెన్సర్.

అరటిగెలల వ్యాపారి వేషంలో ఉన్న ఏజెంట్ హుమాయున్ పరుగెత్తి ఆయన తల ఒళ్లోకి తీసుకున్నాడు. మాస్టారి పిడికిట్లో చీటీ. 3355033. ఎనిమిదో అంకె రక్తంలో చెరిగిపోయింది.

"చివరిది చెప్పండి మాస్టారూ."

"కూడితే... లాభం" అన్నాడు మాస్టారు. అంతే.

జమ్మలమడుగు బడిలో పాఠాలు చెప్పుకునే మనిషిని ఈ పనిలోకి దింపింది హుమాయునే. ఏ బేరంలోనైనా పెట్టేదెంత, వచ్చేదెంత అని ముందే చూసుకునే రకం అతను. ఈసారి పెట్టుబడి వేరేవాడి ప్రాణమైంది.

జేబులోని సిగరెట్ లైటర్ గరగరలాడింది. వైర్‌లెస్‌లో చీఫ్.

"ముద్దనూరు స్టేషన్. మందుగుండు వ్యాగన్ కింద విదేశీ ముఠా టైంబాంబు పెట్టింది. ఒంటిగంటకు పేలుతుంది. ఎనిమిదంకెల నంబర్ లాక్. ఒక్క అంకె తప్పినా అప్పుడే పేలుతుంది. పక్క లైన్లో ప్యాసింజర్ ఉంది. మూడొందల మంది. దించడానికి టైం చాలదు."

"నంబర్?"

"పరిపూర్ణ సంఖ్య. తనను భాగించే చిన్న సంఖ్యలన్నీ కూడితే తనే వస్తుంది. ఒకటీ రెండూ మూడూ కలిస్తే ఆరైనట్టు. ఎనిమిదంకెల్లో అలాంటిది ఒక్కటేనట. అది తెలిసిన మనిషి మీ మాస్టారే. మద్రాసుకు ట్రంక్ కాల్ దొరికేసరికి సాయంత్రమవుతుంది."

డ్రైవర్ నబీ రసూల్ జీపును ముద్దనూరు చేర్చేసరికి పన్నెండూ యాభై రెండు. స్టేషన్ గేటు దగ్గర ఫియట్ కారు. నల్ల కళ్లద్దాలు, పట్టు చీర. జరీనా. రెండు దేశాల జీతం తినే మనిషి.

"చీనీకాయలు తియ్యగున్నాయా?" కోడ్ అడిగాడు హుమాయున్.

"తొక్క మందం. చివరి అంకె ఎనిమిది. ముఠా కాగితంలో నా కళ్లతో చూశాను."

పరిపూర్ణ సంఖ్య చివర ఆరో ఎనిమిదో ఉంటుందని మాస్టారే ఒకప్పుడు చెప్పాడు. ఎనిమిది కుదురుతుంది.

వ్యాగన్ కింద ఏడు అంకెలు తిప్పాడు. ఒంటిగంటకు ఇంకా రెండు నిమిషాలుంది. వేలు ఎనిమిది మీద ఆగింది.

"పాణం పోయేటప్పుడు లాభమన్నాడు. మాస్టారికి ఆశ ఎక్కువా, నబీ?"

"ఆశేంది సార్. వాళ్ల నాయన ప్రొద్దుటూరు మండీలో శెనిక్కాయలు కొలిచేటోడు. ఆడ ఒకటిని ఒకటి అనరు. లాభం, రెండు, మూడు... అట్ల ఎంచుతారు."

హుమాయున్ ఎనిమిది మీంచి వేలు తీసేశాడు. మాస్టారు చెప్పిన ఇంకో పాఠం గుర్తొచ్చింది. ఆరును వదిలేస్తే, ఇంతవరకూ దొరికిన ప్రతి పరిపూర్ణ సంఖ్యకూ అంకెలు కూడుకుంటూ పోతే చివరికి ఒకటే మిగులుతుంది.

ఏడు అంకెల మొత్తం ఇరవై రెండు. ఎనిమిది కలిపితే ముప్పై. అంటే మూడు. ఆరు కలిపితే ఇరవై ఎనిమిది. పది. ఒకటి.

లాభం.

ఆరు తిప్పాడు. టిక్ టిక్ ఆగింది. నాలుగు సెకన్లు మిగిలాయి.

గేటు దగ్గర జరీనా ఫియట్ సీటు కింద వెతుకుతోంది.

"కారు తాళంచెవి నా తాన ఉందిలేమ్మా" అన్నాడు నబీ రసూల్. "నువ్వు ఎనిమిదని శానా తొందరగా చెప్పినప్పుడే తీసుకున్యా."

సాయంత్రం హుమాయున్ రిపోర్టు రాయడానికి కూర్చున్నాడు. బతికిన వాళ్లు మూడొందలు. చనిపోయిన వాళ్ల గడి దగ్గర కలం చాలాసేపు ఆగింది.

మండీ మాట ఎంత మంచిదైనా, అక్కడ మాత్రం ఒకటి అనే రాశాడు.