జపాన్ గుడి దగ్గర రెండు చప్పట్లు

జాన్సన్‌విల్ వెనక కొండమీది పాత జపాన్ గుడి మంచిది కాదని ఈమధ్య ఇక్కడి మన తెలుగువాళ్ళలో పేరు పడిపోయింది. వందేళ్ళ కిందట ఎవరో కలప వ్యాపారి కట్టించాడట. చీకటి పడితే అక్కడ రెండు చప్పట్లు వినిపిస్తాయి — మనిషి మాత్రం కనిపించడు. కొండ కింద నడుస్తూ ఓసారి విని, ఫ్లాటు ఫ్లాటుకీ తిరిగి చెప్పినవాడు మన మధుబాబే.

అంతటివాడికి 2014 జూన్‌లో — ఈ దేశంలో అది నడి చలికాలం — ఒంటరిగా ఆ కొండెక్కాల్సిన పని పడింది.

ఆరు నెలల కిందట గుడి ముందు తాడుకి తెల్లకాగితాలు ముడేసి ఉంటే, మన ముడుపుల్లాంటివే అనుకుని, ఇక్కడే స్థిరపడేందుకు రెసిడెన్సీ రావాలని తనూ ఓ పసుపు గుడ్డ కట్టాడు. రెసిడెన్సీ వచ్చేసింది. ఇక భార్య సుభద్ర వీసా రావాలి. కోరిక తీరాక ముడి విప్పకపోతే వచ్చింది కూడా నిలవదని కాకినాడ నుంచి మధుబాబు తల్లి ఫోన్లో ఒకటే పోరు.

రైలు దిగి కొండెక్కేసరికి ఐదున్నర. అప్పటికే చీకటి. గాలి చెవులు కోసేస్తోంది. ఫోన్ లైటు వేసి తాడంతా వెతికాడు... పసుపు గుడ్డ లేదు.

మన గుళ్ళో ఎవరి ముడి విప్పినా చెల్లుతుందిగా అని సర్దిచెప్పుకుని, చేతికందిన కాగితం విప్పాడు.

టప్... టప్.

గుడి పక్కనుంచి తెల్లటి ఆకారం — మెల్లగా తనవైపే! పరిగెత్తబోయి తడి మెట్టు మీద జారిపడ్డాడు. చల్లటి చెయ్యి ఒకటి మోచెయ్యి పట్టుకుంది.

"దెబ్బ తగిలిందా?"

తెల్ల రెయిన్‌కోటులో ఓ జపాన్ ముసలావిడ. గుడి ఊడ్చేది తనేనట. రెండుసార్లు వంగి, రెండు చప్పట్లు కొట్టి దణ్ణం పెట్టుకోవడం వాళ్ళ పద్ధతట. అతని చేతిలో కాగితం చూసి ఆవిడ మొహం మారింది. అవి మొక్కులు కావు... గుడిలో తీసిన చీటీలో చెడు జాతకం వచ్చినవాళ్ళు, ఆ చెడు వెంట రాకుండా ఇక్కడ కట్టి వదిలేస్తారట. తనే తీసుకుని మళ్ళీ తాడుకి కట్టింది.

మధుబాబుకి సిగ్గేసింది. గొణుగుతూ పసుపు గుడ్డ సంగతి అడిగాడు.

ఆవిడ గుడి చిన్న తలుపు తీసింది. లోపల శుభ్రంగా మడతపెట్టి ఉంది గుడ్డ.

"గాలికి చిరిగిపోతుందని లోపల పెట్టాను," అంది మెల్లగా. "ఎవరికో పెద్ద కష్టమే వచ్చిందనుకున్నాను. నా దణ్ణం పొద్దున్నే అయిపోతుంది. ఈ ఆరు నెలలూ సాయంత్రాలు మళ్ళీ వచ్చి దణ్ణం పెట్టుకున్నది దీని కోసమే... మీ కష్టం తీరిందా?"

మధుబాబు తలూపాడు. జాన్సన్‌విల్ అంతా తిరిగి ఆవిడని దెయ్యాన్ని చేసింది తనే.