పదిహేడో గడి

యాభై ఏడో ఆవృత్తి కూడా పోయింది.

తెర మీద ఫలితం వచ్చింది. చూపరులు: వెయ్యి మంది. చూపిన సమయం: మూడు సెకన్లు. ఎక్కువమంది చెప్పిన మాట: 'బయటికి దారి'. మూసిన తలుపు, దాని కింద సన్నటి వెలుతురు గీత. తరళ నాలుగు రోజులు కష్టపడి గీసిన బొమ్మ అర సెకనులో చెరిగిపోయింది.

గుర్తులు గీసే రూపశాలలో ఆమెది మూడో గది. కుర్చీ, తెర, అల్మరా, గోడకి ఒక పలక. నాలుగో గదిలో ఎవరుంటారో ఆమెకి తెలియదు. అప్పుడప్పుడు కుర్చీ జరిపిన చప్పుడు మాత్రం వినిపిస్తుంది.

పలక మీద పదహారు గడుల్లో పదహారు గుర్తులు. ఆకలి, నొప్పి, భయం, నిద్రలేమి, అలా. సముద్రం అడుగున తీగలకి కాపలా కాసే వెయ్యి తావుల్లోనూ ఇదే పలక. తావుకి ఒక్కరే మనిషి. పడవల్ని పంపే యంత్రం మాటల్ని నమ్మదు. గుర్తు నొక్కితేనే పైనుంచి పడవ దిగుతుంది. గుర్తులు వెలిసిపోతే సరిచేసే తాళం తరళ దగ్గరే ఉంది.

పదిహేడో గడి ఖాళీ. ఒంటరితనానికి గుర్తు గీయమని ఆమెకి అప్పగించి పదకొండు నెలలైంది. తావుల్లోని వెయ్యిమందిలో ఏడువందల మంది ఆ ఒక్క మాటే చెప్పాలి. అరవై ఆవృత్తుల్లో కుదరకపోతే 'రూపం లేనిది' అని రాసి మూసేస్తారు. మళ్ళీ తెరవరు.

ఖాళీ కుర్చీ గీస్తే 'కూర్చోండి' అన్నారు. దీపం కింద ఒక్క మనిషిని గీస్తే 'డ్యూటీ' అన్నారు. తెల్లటి జాగాలో చుక్క పెడితే మూడువందల మంది తెర పాడైందని ఫిర్యాదు చేశారు.

పదకొండు గంటలకి లైను మోగింది. ఆరువందల పన్నెండో తావు నుంచి అప్పలకొండ. తెర రంగులు సరిగ్గా కనిపిస్తున్నాయో లేదో చెప్పడానికి అతనికి రోజూ నాలుగు నిమిషాలు అనుమతి. రంగుల సంగతి పది సెకన్లలో తేలిపోతుంది.

"ఎరుపు బాగుంది, నీలం బాగుంది. తమరి తలుపే బాగులేదమ్మా."

"మీరేం చెప్పారు దానికి?"

"బయటికి దారనే సెప్పినాను. తలుపు సూస్తే మరేటి గుర్తొస్తాది ఇక్కడ?"

తరళ నవ్వింది. ఆ రోజు ఆమె గొంతు పెగలడం అదే మొదలు.

"పోయిన నెల నొప్పి గుర్తు నొక్కీసినాను," అన్నాడతను. "పడవలోంచి యంత్రం దిగి ఒళ్ళంతా తడిమి, ఏటీ లేదని రాసుకుని ఎల్లిపోనాది. తప్పుడు పిలుపని నా కాపలా మూడు నెలలు పెంచినారు. అయినా ఆ పది నిమిషాలూ బాగున్నాయమ్మా. ఏదో ఒకటి వచ్చింది గదా."

"టీ తాగారా?" అంది.

"తాగినాను. రెండో గ్లాసు కూడా కడిగి పక్కనెట్టినాను."

"రెండోది ఎవరికి?"

"ఎవులికీ కాదు. అందులో పొయ్యను. రోజూ కడిగి పక్కనెడతానంతే. నవ్వకండి."

"నవ్వడం లేదు."

నాలుగు నిమిషాలూ అయిపోయాయి. లైను తెగింది.

యాభై ఎనిమిదో ఆవృత్తిలో రెండు గ్లాసులు గీసింది. ఒకదానిలోంచి ఆవిరి, రెండోది ఖాళీ. 'టీ' అన్నారు తొమ్మిదివందల నలభై మంది. ఆమె ఉద్యోగంలో ఇంత ఏకాభిప్రాయం ఎన్నడూ రాలేదు.

ఆవిరి తీసేసింది. గ్లాసుల అడుగులు, అంచులు, బయటి పక్కలు తీసేసింది. మిగిలినవి ఎదురెదురుగా రెండు వంపు గీతలు. వాటి చుట్టూ వృత్తం గీసి పంపింది. 'కన్ను' అన్నారు. యాభై తొమ్మిది.

ఆ వృత్తం ఎందుకు గీసింది? తెరిచి ఉన్న రేఖని యంత్రం పూర్తికాని పనిగా లెక్కిస్తుంది కనుక. ప్రతి గుర్తూ ఎక్కడో ఒకచోట మూసుకోవాలి. యాభై తొమ్మిది సార్లు తరళ బుద్ధిగా మూస్తూనే వచ్చింది.

వృత్తాన్ని చెరిపేసింది. రెండు వంపులు, ఒకదానికొకటి అందకుండా. మధ్యలో వేలు పట్టేంత ఎడం.

'రేఖ మూయండి,' అంది యంత్రం. 'పరీక్షకు పంపడం కుదరదు.'

తరళ అల్మరా సొరుగులోంచి మరమ్మతు తాళం తీసి తిప్పి, ఆ బొమ్మని తిన్నగా పదిహేడో గడిలోకి పంపేసింది. గోడ మీది పలకలో గడి వెలిగింది. వెయ్యి తావుల్లోనూ వెలిగి ఉంటుంది.

ఒక నిమిషం ఏమీ జరగలేదు. తర్వాత ఆరువందల పన్నెండు నుంచి మొదటి పిలుపు వచ్చింది. ఆపైన లెక్క ఆగలేదు.

లైనులో పర్యవేక్షకుడు పరాంకుశం గొంతు వినిపించింది. "తరళ గారూ, ఏమిటది? నాలుగువందల పిలుపులున్నాయి. పడవలు తొమ్మిది. ఎందుకు పంపాలో యంత్రానికి తెలియడం లేదు."

"నొక్కినవాళ్ళకి తెలిసిందండీ."

"పరీక్ష కాలేదు. అందరూ ఒకే అర్థంతో నొక్కారని మీకెలా తెలుసు?"

"పలకల మీద వేళ్ళు చూడండి. ఆకలైతే నొక్కి వదిలేస్తారు. ఇక్కడ ఎవరూ వేలు తియ్యలేదు."

ఆయన చూసినట్టున్నాడు.

"మీ ఉద్యోగం పోతుంది. తీసెయ్యండి. ఇంతమందిని పైకెలా తెస్తాను?"

"పైకి తేవక్కర్లేదు. ఒక తావులో ఎక్కించుకుని ఇంకో తావులో దింపండి."

"తావుకి ఒక్కరే. ఈ నిర్మాణమంతా ఆ లెక్క మీదే నిలబడింది."

"అవునండీ."

తెర మీద అంకె ఏడువందలు దాటింది. ఏడువందల ముప్పై ఒకటో పిలుపు తరళదే. ఏడువందల ముప్పై రెండో దాని పక్కన 'పర్యవేక్షణ గది' అని ఉంది.

"తావుకి ఎందరని అడుగుతోందండీ యంత్రం," అన్నాడు చివరికి, చిన్న గొంతుతో.

"మీ ఇష్టం."

ఒక మీట చప్పుడు వినిపించింది. తెర మీద వరుస మారింది: మొదటి పడవ, ఆరువందల పదమూడు నుంచి ఆరువందల పన్నెండుకి.

తరళ పలక మీది వేలు తీసి, టీకి నీళ్ళు పెట్టింది. అల్మరా తెరిచి చూస్తే ఉన్నది ఒక్కటే గ్లాసు. తలుపు తీసుకుని, నాలుగో గదిలో ఇంకొకటి అడగడానికి వెళ్ళింది.