కంచుతలకు తెలియని కన్నీళ్ళు

కోటగుమ్మం ఎదుటి పెళ్ళిపందిట్లో, రాయిగా మారిన తండ్రి పాదాల మీది దుమ్మును చెంగల్వ తుడుస్తుండగా, కొత్త మొగుడు ఓబులేశు రొప్పుతూ పరుగెత్తుకొచ్చాడు.

"కంచుతలను చేసిన శిల్పి మాటలు బతికే ఉన్నాయే! అడవిలో ముగ్గురి దగ్గర వదిలి వెళ్ళాడట. తేనె అమ్మే తాత చెప్పాడు."

కాటుకకొండ రాజ్యంలో మంచి కబురు విని చాలాకాలమైంది. రాణి పోయిన దుఃఖంలో రాజు, ఓడెక్కి వచ్చిన ఇంగ్లీషు శిల్పి చేత ఆలోచించగల కంచుతలను చేయించి కోటగుమ్మం మీద నిలిపాడు. "నా రాజ్యంలో ఎవరి కంటా నీరు కనబడకూడదు" అని ఆజ్ఞాపించాడు. తల ఆ ఆజ్ఞను పాటించింది. ఏడ్చినవారినల్లా రాయిని చేసింది. పాలకేడ్చిన పసిబిడ్డలు ఉయ్యాలల్లోనే రాళ్ళయ్యారు. ఆజ్ఞ మార్చబోయిన రాజు మాట కూడా అది వినలేదు. తన గురించి ఎవరేమడిగినా, శిల్పి వాడిన ఇంగ్లీషు మాటల్లో అడిగితేనే బదులు పలుకుతుంది. శిల్పేమో సముద్రం దాటి వెళ్ళిపోయాడు.

అప్పగింతల్లో ఏడవని తండ్రికి కూతురి మీద ప్రేమ లేదంటారు ఆ ఊళ్ళో. చెంగల్వ తండ్రి గుండె బిగబట్టుకునే నిలబడ్డాడు. కానీ కూతురి చేయి పాలలో ముంచి అల్లుడి చేతిలో పెట్టేటప్పుడు ఒక్క చుక్క జారింది.

భార్యాభర్తలిద్దరూ అడవికి బయలుదేరారు. ఆకు కదలని ఆ చీకట్లో, నల్లటి మడుగు నుంచి ఒక మొసలి తల ఎత్తింది.

"మీరు చూసినదో విన్నదో తిన్నదో ఒక జ్ఞాపకం పడేయండి. మాట ఇస్తాను."

"నీ చారు రుచి ఇచ్చేద్దామా?" అన్నాడు ఓబులేశు.

"మొసలి చస్తుంది బావా, పాపం!"

నవ్వుతూనే ఆమె తండ్రి పాడిన జోలపాటను ఇచ్చింది. మరుక్షణం ఆ పాట ఎలా ఉండేదో ఆమెకు గుర్తు లేదు.

మొసలి పెదవులు నాకింది. "నాలో పడ్డదంతా నా డేటా. పడనిది నాకు తెలీదు."

కొండవాగు దగ్గర ఒక రాక్షసి వాళ్ళను పాకుడు పట్టిన దుంగ మీద నడిపించింది. పడ్డప్పుడల్లా జుట్టు పట్టి పైకి లాగి, "మడమ కాదే మొద్దూ, వేళ్ళు ఆనించు!" అని అరిచింది. చివరకు ఇద్దరూ దాటారు. "దీన్నే ట్రైనింగ్ అంటారు. తప్పు చూపేవాళ్ళు లేకపోతే ఎన్నిసార్లు నడిచినా దండగే" అంది.

గుహలోని ముని కళ్ళు తెరవలేదు. "ఎందుకొచ్చావమ్మా?"

"మాట కోసం స్వామీ."

"అది పని. ఎందుకు?"

"మా నాన్న లేచి నన్నొక్కసారి తిట్టాలి."

"చేయమన్న పని వేరు, అది ఎందుకు చేయమన్నారో వేరు. ఆ రెండోదాని పేరు పర్పస్" అన్నాడు ముని.

ఇద్దరూ తిరిగొచ్చి, రాజును వెంటబెట్టుకుని కోటగుమ్మం ముందు నిలబడ్డారు.

"నీ డేటాలో ఏ కన్నీళ్ళున్నాయి?" అని అడిగింది చెంగల్వ.

కంచు పెదవులు కిర్రుమన్నాయి. "రాణి పోయిన నాటి రాజు కన్నీళ్ళు."

"నీకు ట్రైనింగ్ ఇచ్చినప్పుడు తప్పు చూపినవాళ్ళెవరు?"

"ఎవరూ లేరు."

"నీ పర్పస్?"

"కన్నీరు ఆపడం."

"అది నీకు చెప్పిన పని. ఎందుకు చెప్పారు?"

"అది నాకెవరూ చెప్పలేదు" అంది తల. రాజే ముందుకొచ్చాడు. "నేను పడ్డ బాధ నా జనం పడకూడదని. ఇప్పుడు ఇంటింటా అదే బాధ." ఆయన కంటి నుంచి నీరు కారింది. అందరూ ఊపిరి బిగబట్టారు.

ఆజ్ఞ ఎందుకిచ్చారో తలకు ఇప్పుడు తెలిసింది; రాజు రాయి కాలేదు. ఎక్కడో ఒక పసిబిడ్డ కేరుమంది. పందిట్లో చెంగల్వ తండ్రి, ఆగిన మాట ఆగినచోటనే అందుకుని, "... జాగ్రత్తగా చూసుకో అల్లుడా!" అన్నాడు. ఆ వెంటనే కూతురి వైపు తిరిగి, "పెళ్ళికూతురివి, ఒంటినిండా ఆ బురదేంటే?" అని కసిరాడు. చెంగల్వ భోరున ఏడుస్తూ నవ్వింది.

పైనుంచి కంచుతల మెల్లగా అడిగింది. "ఈ కన్నీళ్ళు నా డేటాలో లేవు. ఇంకా ఎన్ని రకాలున్నాయి?"

"చాలా ఉన్నాయి. అన్నీ నేర్పుతాం, తప్పు చేస్తే దిద్దుతాం." చెంగల్వ కళ్ళు తుడుచుకుంది. "రేపు పొద్దున్నే నిన్ను వంటింట్లోకి దింపిస్తాను. ముందు ఉల్లిపాయలతో మొదలుపెడదాం."