సువార్తమ్మ సాక్ష్యం

తెల్లవారగానే సువార్తమ్మ రోటి ముందు కూర్చుంది. చేలో నుంచి ముందు రోజే కోయించి తెచ్చిన పండుమిరపకాయలు కడిగి, తుడిచి, తొడిమలు తీసి పళ్ళెంలో పోసుకుంది. పక్కన చింతపండు, రాళ్ళ ఉప్పు. మర్నాడు ఆదివారం, టౌనులో మిషన్ ఆసుపత్రి వాళ్ళు ఆవరణలో ఆరోగ్య సదస్సు పెడుతున్నారు. రొమ్ము క్యాన్సర్ గురించి ఆడవాళ్ళకి వివరంగా చెబుతారు, ఉచితంగా పరీక్ష చేస్తారు. ఆ తర్వాత పేద రోగుల మందుల కోసం, చర్చిలో కోత పండగకి చేసినట్టే వేలం పాట పెడతారు. గుమ్మడికాయ ఉన్నవాళ్ళు గుమ్మడికాయ తెస్తారు, కోడి ఉన్నవాళ్ళు కోడిని తెస్తారు. సువార్తమ్మ పేరున పచ్చడి జాడీ వెళ్ళాల్సిందే.

ఇంట్లో మిక్సీ లేక కాదు. దేవుడి పనికిచ్చే పచ్చడి రోట్లోనే దంచాలని ఆవిడ పట్టు. కానీ రోకలి ఈసారి మాట వినడం లేదు. రెండు పోట్లు వేసేసరికి కుడి చంకలోంచి మోచేతి దాకా నరం లాగేసింది. అటూ ఇటూ చూసి రోకలి ఎడమ చేతికి మార్చుకుంది.

వంటింటి గుమ్మంలో టీ తాగుతున్న కోడలు లిడియా చూడనే చూసింది. ఆ పిల్ల మిషన్ ఆసుపత్రిలోనే నర్సు. రేపు సదస్సులో మైకు పట్టుకుని మాట్లాడాల్సింది కూడా తనే.

"ఎడం చేత్తో దంచుతున్నారేంటి అత్తయ్యా?"

"చలికి పట్టేసింది లేవే."

"చలెక్కడుంది? రాత్రి ఫ్యాను వేసుకుని పడుకున్నాంగా."

"అయితే ఫ్యాను గాలికి పట్టేసింది. నీ నర్సు ప్రశ్నలన్నీ ఆసుపత్రిలో అడుక్కో, పో!"

లిడియా టీ గ్లాసు కడిగి బోర్లించింది. సదస్సు కరపత్రాల కట్ట సంచిలో పెట్టుకుని, చెప్పులేసుకుని ఊళ్ళోకి వెళ్ళిపోయింది. ఆ పిల్ల వీధి మలుపు తిరిగేదాకా చూసి, అప్పుడు సువార్తమ్మ రోకలి కింద పెట్టి చెయ్యి నొక్కుకుంది.

కిందటి వేసవిలో స్నానం చేస్తుంటే కుడి రొమ్ములో ఉసిరికాయంత గడ్డ చేతికి తగిలింది. కోడలికి చెబితే ఆ పూటే ఆసుపత్రికి బయల్దేరమంది. రేపు మాపు అంటూండగానే చర్చిలో ఉపవాస ప్రార్థనలు వచ్చాయి. పాస్టరమ్మ గారు నెత్తిన చెయ్యి పెట్టి, కన్నీళ్ళతో ప్రార్థన చేసింది. ఆ వారంలోనే వాపు దిగింది, నొప్పి పోయింది, ఎంత తడుముకున్నా గడ్డ దొరకలేదు. ఆదివారం ఆరాధనలో సువార్తమ్మ లేచి, దేవుడు తనకు చేసిన మేలు సాక్ష్యంగా చెప్పింది. చర్చి మొత్తం చప్పట్లతో మోగిపోయింది. ఆ రోజు ఆవిడ అబద్ధం ఆడలేదు. ఆ మాట మాత్రం గట్టిగా చెప్పుకోవాలి.

అంతకు ముందు ఆవిడ ఎవరు? ఇమ్మానియేలు మాస్టారి భార్య. అంతే. పెళ్ళిళ్ళలో వడ్డనకీ, చర్చిలో చాపలు పరవడానికీ పనికొచ్చే మనిషి. సాక్ష్యం చెప్పాక చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళు ఆటోలు పంపి మరీ పిలిపించుకున్నారు. ముందు వరసలో కుర్చీ వేశారు. జ్వరమొచ్చిన పసిబిడ్డల్ని తెచ్చి ఒళ్ళో పెట్టారు. ఆ గౌరవం ఆవిడకి పాయసంలా తియ్యగా ఉంది. ఉంటుంది మరి, మనిషి కాదూ!

క్రిస్మస్ ముందర గడ్డ మళ్ళీ చేతికి తగిలింది. ఈసారి నిమ్మకాయంత. అప్పటికి సాక్ష్యం ఎన్ని ఊళ్ళు తిరగాలో అన్ని ఊళ్ళూ తిరిగింది. ఇప్పుడు పోయి ఎవరితో ఏమని చెప్పడం? చెబితే తను అబద్ధాలకోరు అవుతుంది, పాస్టరమ్మ గారి ప్రార్థన నవ్వులపాలవుతుంది. కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుందని నోరు మూసుకుంది. తన విశ్వాసంలోనే ఎక్కడో లోటుందని లోపల్లోపల ఏడ్చుకుంది.

మధ్యాహ్నం మార్తమ్మ వచ్చింది. మిరపకోతలకి వెళ్ళే మనిషి, ఆ వీధి చివరే ఇల్లు.

"వందనాలక్కా. ఇంట్లో ఎవురన్నా ఉన్నారా?"

"మాస్టారు పడుకున్నారు. ఏంటే, ఇవాళ కోతకి పోలేదా?"

మార్తమ్మ చాప మీద కూలబడి, కొంగు ముడి విప్పి చిన్న నూనె సీసా తీసింది. "దీని మీద ప్రార్థన చెయ్యక్కా. నాక్కూడా నీకొచ్చినట్టాంటిదే వచ్చింది. ఎడం పక్కన. మిరప నాట్లప్పుడు బఠాణీ గింజంత ఉండేది, ఇప్పుడు పెరిగింది."

సువార్తమ్మ సీసా అందుకోలేదు. "రేపు ఆసుపత్రిలో చూస్తారంట గదే. ఒకసారి..."

"నాకెందుకక్కా ఆసుపత్రి! కోసి పారేస్తారు. కత్తి పెట్టకుండానే నీకు కరిగిందిగా. నీకు కరిగింది నాకు కరగదా?"

సరిగ్గా అప్పుడే లిడియా ఎండకి కందిపోయిన మొహంతో లోపలికి వచ్చింది. ఆఖరి మాటలు ఆ పిల్ల చెవిన పడ్డాయి.

"పిన్నీ, రేపు నువ్వు తప్పకుండా రావాలి. లేడీ డాక్టరే చూస్తారు. నేను పక్కనే ఉంటాను."

"వేలం పాటకి వస్తాలే అమ్మాయ్. మీ అత్తని ఇంట్లో పెట్టుకుని నువ్వు ఊరంతా కాయితాలు పంచుతున్నావు. దీపం కింద చీకటంటే ఇదే తల్లీ!" అని నవ్వింది మార్తమ్మ.

సువార్తమ్మ కళ్ళు మూసుకుని సీసా మీద చెయ్యి పెట్టింది. అలవాటైన మాటలు వాటంతట అవే వచ్చాయి. చివర్లో ఆమెన్ మాత్రం ఆవిడ నోట రాలేదు. మార్తమ్మే ఆమెన్ అనేసి, సీసా కళ్ళకద్దుకుని వెళ్ళిపోయింది.

గేటు చప్పుడయ్యేదాకా లిడియా ఆగింది. అప్పుడే కోల్డ్ స్టోరేజీలో పని నుంచి భోజనానికి వచ్చిన కొడుకు నతానియేలు చేతులు కడుక్కుంటున్నాడు. నిద్ర లేచిన మాస్టారు పేపరు తెరిచాడు.

"అత్తయ్యా, అటక మీద ఆ జాడీ దించుతారా? కుడి చేత్తో."

"ఏంటది లిడియా? మా అమ్మకి డ్రిల్లు చేయిస్తున్నావా?" అన్నాడు నతానియేలు.

"ఒక్కసారి ఆ చెయ్యి పైకెత్తమనండి. ఎత్తితే నేను జన్మలో మళ్ళీ అడగను."

మాస్టారి చేతిలో పేపరు కిందికి దిగింది. సువార్తమ్మకి ఒళ్ళంతా మంటెత్తిపోయింది. దొరికిపోయిన మనిషికి వచ్చే కోపం అంతా ఇంతా కాదు.

"నీకు విశ్వాసం లేదు గనక లోకంలో ఎవరికీ లేదనుకుంటున్నావు. జీతం తీసుకుని జబ్బులు వెతికేదానివి, ప్రార్థనంటే నీకేం తెలుసే?"

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం. లిడియా మొహం పాలిపోయింది.

"నాకు లేదనే అనుకోండి. చర్చిలో అందరూ నన్ను అలాగే చూస్తున్నారు, ఓర్చుకున్నాను. పొద్దున్నుంచీ ఊరంతా తిరిగాను. ఏ గడప తొక్కినా ఒకటే మాట, మీ అత్తకి కరిగిందిగా అని. ఆ రోజు మీరు చెప్పింది అబద్ధమని నేను ఏనాడూ అనలేదు. నేను అడిగేది ఇవాళ్టి సంగతి. ఇవాళ లేదా అత్తయ్యా?"

"లేదు" అంది సువార్తమ్మ గోడ వైపు చూస్తూ.

"ఆ మాట నన్ను చూసి చెప్పండి. మీరు దాచుకుంటే పోయేది మీ ఒక్కరి ప్రాణమే అనుకుంటున్నారు. ఇందాక ఆ సీసా పట్టుకుని వెళ్ళిందే, ఆవిడ సంగతేంటి?"

"నోర్ముయ్ లిడియా!" అని అరిచాడు నతానియేలు.

లిడియా గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. నతానియేలు అడకత్తెరలో పోకచెక్కలా కాసేపు తల్లి వైపూ కాసేపు తలుపు వైపూ చూసి, అన్నం ముట్టకుండానే తిరిగి పనిలోకి వెళ్ళిపోయాడు. మాస్టారు మెల్లగా అడిగాడు.

"సువార్తా, నిజంగా ఏం లేదు కదూ?"

"లేదన్నాను కదండీ."

మాస్టారు తల ఊపి పేపరు ఎత్తుకున్నాడు. ఇంకోసారి అడిగితే వేరే జవాబు వస్తుందేమోనని ఆయనకి భయం. ఆ పేపరు చాలాసేపటిదాకా తిరగెయ్యలేదు.

ఆదివారం ఆసుపత్రి ఆవరణలో షామియానాలు వేశారు. లిడియా మైకు ముందు నిలబడి గడ్డ ఎలా మొదలవుతుందో, నొప్పి లేదని ఎందుకు ఊరుకోకూడదో, ముందుగా వస్తే ఎంతమంది బతికి బట్టకట్టారో తేట తెలుగులో చెప్పింది. ఒక్కసారి కూడా అత్త వైపు చూడలేదు. ఆ పని మిగతా ఆడవాళ్ళు చేశారు. లిడియా ఒక్కో మాట చెప్పినప్పుడల్లా వెనక్కి తిరిగి సువార్తమ్మని చూసి, నవ్వుకుని, సర్దుకుని కూర్చున్నారు. మాటలయ్యాక పరీక్ష గది బయట వేసిన బల్ల మీద ఒక్కరూ కూర్చోలేదు. లిడియా, డాక్టరమ్మ లోపల ఊరికే ఎదురు చూస్తున్నారు.

వేలం పాట మొదలయ్యేసరికి షామియానా కిటకిటలాడింది. పాస్టరు గారే పాట పాడించారు. సొరకాయలు పోయాయి, నాటుకోడి పోయింది, వాడరేవు వాళ్ళు పంపిన ఎండుచేపల బుట్ట నవ్వుల మధ్య పోయింది. అప్పుడాయన పచ్చడి జాడీ పైకెత్తారు.

"మన సాక్ష్యం సువార్తమ్మ గారి పండుమిరపకాయ పచ్చడి! చెప్పండి!"

అటు నుంచి ఒకరు రెండొందలన్నారు, ఇటు నుంచి ఒకరు ఐదొందలన్నారు. వెనకాల నుంచి ఒక గొంతు అందరినీ దాటుకుంటూ వచ్చింది.

"రెండు వేలు!"

అందరూ తిరిగి చూశారు. మార్తమ్మ! చేతిలో మడతలు పడ్డ నోట్లు, కళ్ళలో వెలుగు.

"ఏందే మార్తా, కూలి డబ్బులన్నీ పచ్చడికేనా?" అన్నారు పక్కవాళ్ళు.

"పచ్చడి కాదే, మందు. ఆ చేతులు తగిలిన పచ్చడి. రోజూ ముద్దలో కలుపుకుని తింటే నాక్కూడా తగ్గిద్ది!"

"రెండు వేలు ఒకటో సారి" అన్నారు పాస్టరు గారు సంతోషంగా. "రెండు వేలు రెండో సారి..."

సువార్తమ్మకి ఆ ముందు వరస కుర్చీలో ముళ్ళ మీద కూర్చున్నట్టుంది. ఆ పచ్చడి తిని, ఆ నూనె రాసుకుని మార్తమ్మ రోజులు లెక్కపెట్టుకుంటుంది. ఆ తర్వాత? శవపేటిక దగ్గర ప్రార్థన చెయ్యమని తననే పిలుస్తారు.

"పాస్టరు గారూ, పాట ఆపండి."

తను లేచినట్టు ఆవిడకే తెలియలేదు. సువార్తమ్మ కుర్చీల మధ్య నుంచి మార్తమ్మ దగ్గరికి నడిచింది.

"ఇది మందు కాదే. మందైతే ముందు నేనే తినేదాన్ని. నాకు గడ్డ మళ్ళీ వచ్చింది. క్రిస్మస్ ముందు నుంచీ ఉంది. సిగ్గుపడి దాచాను."

మార్తమ్మ చేతిలో నోట్లు నలిగిపోయాయి. మొహం ఎర్రబడింది. "మరి నిన్న నా నూనె మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశావు గదక్కా!"

"చేశాను. ప్రార్థన తప్పు కాదు. నా సంగతి దాచి చెయ్యడం తప్పు. నన్ను తిట్టుకోవే, ఎంతైనా తిట్టుకో. కానీ లే. నాతో రా. ఒక్కదాన్ని పోవాలంటే నాకు భయంగా ఉంది."

నతానియేలు తల వంచుకుని, అరచేతులతో మొహం కప్పుకున్నాడు. నలుగురిలో ఏనాడూ భార్య చెయ్యి పట్టుకోని ఇమ్మానియేలు మాస్టారు వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. మార్తమ్మ కళ్ళు తుడుచుకుంటూ, లోపల్లోపల తిట్టుకుంటూనే వెంట నడిచింది. పాస్టరు గారు జాడీ బల్ల మీద పెట్టేశారు. ఆయన ఏమీ అనకముందే, ఆడవాళ్ళ వరసలోంచి పాస్టరమ్మ గారు లేచి, చెప్పులు వెతుక్కుని, తానూ పరీక్ష గది వైపు బయల్దేరింది. ఆవిడ వెనకాల ఇంకో ఇద్దరు లేచారు.

గదిలో పచ్చ తెర వెనక డాక్టరమ్మ చాలాసేపు చూసింది. చంక కింద కూడా నొక్కి చూసింది.

"రేపే సూది పరీక్ష చేద్దామమ్మా. ఆలస్యం చేశారు. చెయ్యి దాటిపోయిందని మాత్రం ఇప్పుడే అనను. ఫలితం రాగానే మందులు మొదలుపెడదాం, ధైర్యంగా ఉండండి" అని చెప్పి, కాగితాలు రాయడానికి పక్క బల్ల దగ్గరికి వెళ్ళింది.

లిడియా వంగి, మంచం మీద పడుకున్న అత్త జాకెట్టు హుక్కులు పెడుతోంది. ఒక హుక్కు పక్క కాజాలో పెట్టి, విప్పి మళ్ళీ పెట్టింది. నర్సు కదా, ఎన్ని గడ్డలు చూసుంటుంది! అయినా హుక్కు తప్పుతోంది.

"నీకు విశ్వాసం లేదన్నాను."

"ఇప్పుడెందుకత్తయ్యా ఆ మాటలు!"

"ఎందుకంటే లేనిది నాకు. ఇది బయటపడితే దేవుడి పరువు పోతుందని నేను కాపలా కాస్తూ కూర్చున్నాను. నిన్ను అందరూ అన్ని మాటలు అంటుంటే వింటూ ఊరుకున్నాను." ఆవిడ కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది. కన్నీళ్ళు జారి చెవుల్లోకి పోతున్నాయి. "భయమేస్తోంది లిడియా. ప్రార్థన చెయ్యి."

"నేనా? మీలాగా నాకు మాటలు రావత్తయ్యా."

"రాకపోతే రానట్టే చెయ్యి."

లిడియా మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. తెర అవతల, గుమ్మం బయట బల్ల మీద కూర్చున్న ఆడవాళ్ళు మాటలు ఆపేశారు.

"ప్రభువా, మా అత్తయ్యకి భయంగా ఉంది. నాకు అంతకంటే భయంగా ఉంది. ఆమెని మాకు ఉంచు. మందులు పనిచెయ్యనివ్వు. నాకు ఇంతకంటే చెప్పడం రాదు."

"ఆమెన్" అంది సువార్తమ్మ.

తెర అవతల నుంచి, ఏడుపు గొంతుతో, మార్తమ్మ కూడా అంది.