కొలతలు అడిగిన కార్డు

ఆ ఆదివారం పొద్దున తెనాలిలో ఆ ఇంట్లో అన్నీ మామూలుగానే జరిగాయి. పాలవాడు వచ్చి వెళ్లాడు, ఇడ్లీలు దిగాయి, చర్చిలో మొదటి గంట కొట్టారు. సామ్రాజ్యమ్మ మాత్రం ఇడ్లీ తుంపకుండా కోడలి వంకే చూస్తూ కూర్చుంది. ఆవిడ బైబిల్లో నాలుగు రోజులుగా ఒక పోస్టు కార్డు దాగి ఉంది మరి.

కార్డు కోడలు కరుణకి వచ్చింది. కరుణ ఆడపిల్లల కాలేజీలో జువాలజీ చెబుతుంది. బుధవారం ఆ పిల్ల కాలేజీలో ఉండగా వచ్చిన కార్డుని అత్తగారు చదివేసింది. చదవక ఏం చేస్తుంది, కార్డాయె! "మీ ఛాతీ కొలత, నడుము కొలత మర్చిపోకుండా తీసుకురండి. రెండు రకాలు తెప్పించాను. ఆదివారం తొడిగి చూసుకోవచ్చు. ఇట్లు, బాలస్వామి, స్టేషను వెనక వీధి, బాపట్ల."

పెళ్లయిన ఆడదాన్ని పరాయి మగాడు కొలతలు అడగడమేంటి! తొడిగి చూడటమేంటి! పోస్టుమాన్ వెంకటప్పయ్య కూడా చదివే ఉంటాడని తల్చుకుంటే ఆవిడకి తల కొట్టేసినట్టయింది.

అప్పట్నుంచీ ఆవిడ కళ్లు కోడలి మీదే. గురువారం కరుణ గదిలో టేపుతో తన ఒళ్లు తానే కొలుచుకుంటుంటే తలుపు సందులోంచి చూసింది. శుక్రవారం కొడుకు దేవసహాయం దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. బాపట్ల వ్యవసాయ కాలేజీలో గుమాస్తా అతను, ఆదివారాలే ఇంటికొస్తాడు. ఈ వారం పరీక్షల పనుంది, రాలేనన్నాడు.

"అత్తయ్యా, ఇవాళ చర్చికి రాలేనండీ. వేమూరులో నా స్నేహితురాలికి ఒంట్లో బాగాలేదంట, చూసొస్తాను" అంది కరుణ, చేతిసంచీ తీసుకుంటూ.

"వెళ్లు తల్లీ, వెళ్లు. ఎవరికి బాగాలేదో ఏంటో!"

వీధి మలుపు తిరిగిందో లేదో, సామ్రాజ్యమ్మ ముసుగేసుకుని వెనకాలే బయల్దేరింది. స్టేషన్లో కరుణ వేమూరు వెళ్లే రేపల్లె బండి వంక కన్నెత్తి చూడలేదు. ఎదురుగా ఆగిన బాపట్ల ప్యాసింజరు ఎక్కింది. 'ఓరి దేవుడో, మొగుడున్న ఊళ్లోనే! ఎంత గుండె ధైర్యం!' అనుకుంటూ ఆవిడా రెండు పెట్టెల అవతల ఎక్కింది. దారి పొడుగునా ఆవిడకి ఒకటే ఆలోచన. కొడుక్కి ఏమని చెప్పాలి? ఇంత మంచి పిల్ల ఇలా ఎందుకయింది? కోపం కంటే ఏడుపే ఎక్కువ వస్తోంది.

బాలస్వామి ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. తలుపు తోసుకుని లోపలికి వెళ్లి, "ఎవడ్రా నా కోడలి కొలతలు అడిగినవాడు?" అని కార్డు ఎత్తి అరిచింది.

వసారాలో నలుగురున్నారు. నెరిసిన మీసాల బాలస్వామి, కుర్చీలో ఆయన భార్య. కరుణ చీర మీద, మెడచుట్టూ తిరిగి ఎదమీదికి దిగిన నారింజ రంగు రబ్బరు సంచీ ఒకటి ఉంది. దాని పట్టీ ఆమె నడుముకి బిగిస్తున్నవాడు ఎవరో కాదు, దేవసహాయం!

"అమ్మా! నువ్వేంటి ఇక్కడ?"

"నువ్వేంట్రా ఇక్కడ? పరీక్షలన్నావ్!"

"కూర్చోండక్కయ్యగారూ" అన్నాడు బాలస్వామి కంగారుగా. "నేవీలో డైవరుగా చేసొచ్చానండి. ఇది నీళ్లలో మునిగేవాళ్లు వేసుకునే చొక్కా. గాలి ఊదితే తేలుద్ది. కొలత లేకపోతే సరిపోదండి మరి. పోయిన ఆదివారమే మీ అబ్బాయితో చెప్పి పంపా, మర్చిపోతారేమోనని కార్డు కూడా రాశా."

సామ్రాజ్యమ్మ కుర్చీలో కూలబడింది. ఏటా వేసవికి కోడలు రామేశ్వరం అవతలి దీవులకి పగడాల చదువంటూ వెళ్తుంది. పడవలో కూర్చుని చూసొస్తుందనుకుంది ఈవిడ.

"నీళ్లలో దిగుతున్నావా?"

"పోయినేడాది నుంచీ, అత్తయ్యా. అక్కడివాళ్లవి తొడుక్కునేదాన్ని, సరిపోవు. అందుకే సొంతంగా ఒకటి... అబద్ధం చెప్పాను, తప్పే. మీరు కాలవ గట్టు మీద కూడా నడవనివ్వరు. చెబితే పంపించరని భయపడ్డాను."

"పంపించను! చచ్చినా పంపించను!"

కరుణ తలొంచుకుని పట్టీ విప్పబోయింది. బల్లమీద రెండో రకం ఉంది, చిన్నది, నడుముకి కట్టుకునేది. సామ్రాజ్యమ్మ చూపు దానిమీద పడింది.

"అదేంటి?"

"అదీ అలాంటిదేనండి. తేలిగ్గా ఉంటది, మడిచి పెట్టెలో పెట్టుకోవచ్చు. రైళ్లు, బస్సులు మారాలి కదా, అమ్మాయి అదే తీసుకుందామంటోంది."

"నడుముకా?" ఆవిడ లేచి దాన్ని చేతిలోకి తీసుకుంది. "మనిషికి స్పృహ తప్పిందనుకో. అది మొహం పైకి ఉంచుద్దా?"

బాలస్వామి తడుముకున్నాడు. "చెప్పలేనండి. కాళ్లు తేలి తల మునగొచ్చు. మెడదైతే వెల్లకిలా తిప్పుద్ది."

"సొరబుర్రలు కూడా అంతే." ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. "రేపల్లెలో మా తమ్ముడు పున్నయ్యకి తొమ్మిదేళ్లు. ఈత నేర్పమన్నాడు. ఎండు సొరబుర్రలు వీపుకి, చంకల కింద నుంచి కట్టాలి. తొందరలో నేను వదులుగా కట్టా. అవి నడుముకి జారినయ్. కాళ్లు పైకి, తల కిందికి... నేను గట్టు మీదే ఉన్నా. కట్టింది నేనేరా. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలా."

దేవసహాయం తల్లి పాదాల దగ్గర కూర్చుండిపోయాడు. కరుణ వచ్చి ఆవిణ్ణి పట్టుకుంది. అత్తగారి ఏడుపుకి కరుణ ఒంటిమీది రబ్బరు సంచీ కూడా కదిలిపోయింది.

"వద్దంటే మానేస్తానత్తయ్యా" అంది మెల్లగా.

"మానవు. మళ్లీ వేమూరులో ఎవరికో ఒంట్లో బాగాలేదంటావు." ఆవిడ కళ్లు తుడుచుకుంది. "ఈ పెరట్లో తొట్టి ఉందా?"

మోటారు పక్కన నిలువెత్తు సిమెంటు తొట్టి ఉంది. బాలస్వామి సంచీలోకి గాలి ఊదాడు. దిగబోతున్న కరుణని ఆపి, సామ్రాజ్యమ్మ పట్టీ విప్పి తనే మళ్లీ కట్టింది. వేలు దూరకుండా బిగించి, రెండుసార్లు లాగి చూసింది.

"ఒళ్లు వదిలెయ్. స్పృహ లేనట్టు. పూర్తిగా వదిలెయ్యాలి."

కరుణ కళ్లు మూసుకుని బోర్లా వాలిపోయింది. మొహం నీళ్లలో మునిగింది. ఒక్క క్షణం, అంతే. చొక్కా ఆమెని మెల్లగా వెల్లకిలా తిప్పింది. మొహం నీళ్లమీదికి వచ్చి, అక్కడే నిలిచింది.

తొట్టి గట్టు పట్టుకుని ఆవిడ చాలాసేపు ఆ మొహాన్నే చూసింది. తర్వాత వంగి, నీళ్లలో చెయ్యి పెట్టి, కోడలి నుదుటి మీది తడిజుట్టు వెనక్కి తోసింది.

"ఇదే తీసుకో. పెట్టెలో పట్టకపోతే పెద్ద పెట్టె కొందాం."