ఖాళీ జాగా ఇసుక

కళింగపట్నంలో చేపలు ఎండబెట్టే దిబ్బ మీద ఎండ పేల్చేస్తోంది. రూబీకి ఒళ్లు మండుతున్నది మాత్రం ఎండకి కాదు, ఫోనులో గైడు సుహాసిని మేడం మాటలకి.

"మళ్లీ అదేనా? ఆ కంట్రోల్ శాంపిల్ శుభ్రంగా రాకపోతే నీ పీహెచ్‌డీ మాట మర్చిపో. నీ నోటి తుంపరలే పడుతున్నట్టున్నాయి. ఈసారి నీ నోటి శాంపిల్ కూడా పెట్టి చూడు."

ఇసుకలో ఏయే సూక్ష్మజీవులు కాపురముంటున్నాయో వాటి డీఎన్ఏ చదివి తేల్చడం రూబీ పని. చేపలు పరిచే ఇసుకని చేపలెరగని ఇసుకతో, అంటే కంట్రోల్‌తో, పోల్చాలి. దిబ్బ మధ్యలో అలాంటి ఖాళీ జాగా ఒకటుంది, మనిషి పడుకునేంత. ఎంత సరుకొచ్చినా అక్కడ ఒక్క చేప పరవరు. ఇంతకంటే మంచి కంట్రోల్ ఏముంటుందని సంబరపడిపోయింది పిచ్చిపిల్ల.

మొదటిరోజే, అక్కడ చేపలు ఎండబెట్టుకునే కూర్మమ్మ గంప దించి అడ్డుపడింది.

"అక్కడ తియ్యకమ్మా. అది నా కొడుకు సినబాబు జాగా. సంద్రం మీద ఏటకెళ్లినోడు రాలేదు. వస్తే తొంగోడానికి జాగా ఉండాల గదా?"

బాప్టిస్టు చర్చి గంట వింటూ పెరిగిన రూబీ ఇలాంటివి వింటుందా? తవ్వింది. తవ్వినప్పుడల్లా ఆ ఇసుకలో మనిషి నోట్లో ఉండే సూక్ష్మజీవులే వచ్చాయి. ఛీ, ఏం బతుకిది అని ఏడుపొచ్చేసింది.

ఈసారి మాస్కు బిగించుకుంది. గ్లవుజులు తొడుక్కుంది. వంగి తవ్వుతుంటే పైన కాలుతున్న ఇసుక అడుగున చల్లగా, తడిగా తగిలింది. నాచు కుళ్లిన వాసన... అది ఇసుకలోంచి కాదు.

మాస్కు లోపలినుంచి.

రూబీ ఊపిరి బిగబట్టింది. అయినా మాస్కు ఉబ్బింది... తగ్గింది... మళ్లీ ఉబ్బింది.

పీకి అవతల పారేసి, దగ్గి దగ్గి, ఇసుక సీసాతో పరుగున గదికొచ్చి పడింది. తన నోటి శాంపిల్ తీసుకుని, రెండిటినీ గదిలోని చిన్న డీఎన్ఏ యంత్రానికెక్కించింది. భయమైతే మాత్రం, పని మానుతుందా?

మర్నాడు సాయంత్రం ఫలితాలొచ్చాయి. ఖాళీ జాగా ఇసుక ఎంత శుభ్రమంటే, మనిషి ఆనవాలే లేదు! "ప్రభువా, స్తోత్రం!" అని గట్టిగా అరిచింది. అప్పుడు తన నోటి శాంపిల్ తెరిచింది.

అందులో మనిషి నోటివి ఒక్కటీ లేవు. అన్నీ సముద్రం అడుగు బురదలో బతికేవే.

శాంపిళ్లు తారుమారయ్యాయేమో, ఖర్మ! ఇంకోసారి ఇసుక తేవాలని విసుక్కుంటూ దిబ్బకి పరిగెత్తింది. అక్కడ ఖాళీ జాగా లేదు. దాని నిండా కూర్మమ్మ నెత్తళ్ల చేపలు పరుస్తోంది.

"అదేంటి, అది మీ అబ్బాయి జాగా కదా?" అంది రూబీ.

కూర్మమ్మ తలెత్తి చూసింది. కళ్లనిండా నీళ్లు. దగ్గరకొచ్చి, చీరకొంగుతో రూబీ పెదాలు మెల్లగా తుడిచింది. కొంగుకి తడి ఇసుక అంటింది.

"ఇంకా ఇక్కడేటి తొంగుంటావు, సినబాబూ?" అంది గుసగుసగా. "ఇంటికి రా నాయనా. అన్నం వండీసినాను."